దేవుడు లేనోళ్ళ ఓట్లు

రాళ్ళవాగుపల్లె,
పెద్దారవీడు మండలం,
ఏప్రిల్ 20.

అక్కా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానేందని అనుకోవద్దు. మన ఊళ్ళో ఇప్పుడు ఎవరూ ఫోన్లో రాజకీయం మాట్లాడడం లేదు. మాట్లాడితే అవతలివాడు రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాడు. పోయిన వారం అట్లనే ఒకాయన మాటలు బయటపడితే, తెల్లారేసరికి ఆయన బత్తాయి చెట్లన్నీ మొదలుకు నరికేసి ఉన్నాయి.

ఇక్కడ అందరం బాగున్నాం, నాయన తప్ప. ఆయన ఆరోగ్యానికి ఏమీ కాలేదు. నాతో మాట్లాడడం మానేసినాడు, అంతే. నేను పక్క గదిలోనే ఉంటే కవితను పిలిచి "మీ ఆయనకు చెప్పమ్మా" అని కబురు పంపుతున్నాడు.

నేను పార్టీలో చేరినాను. చెన్నకేశవులు మామే కండువా కప్పినాడు. నువ్వు కూడా కోప్పడతావని తెలుసు. కానీ దర్శిలో కుళాయి తిప్పితే నీళ్ళొచ్చే ఇంట్లో ఉండి కోప్పడడం సులువు. ఊరంతా పైపులైను వేసి మన బజారు మొదట్లో ఆపేసినారు. ట్యాంకరు పోలేరమ్మ గుడి దాకా వచ్చి తిరిగిపోతుంది. అడిగితే "దేవుడు లేనోళ్ళ బజారుకు వరుణదేవుడెందుకు" అని నవ్వుతారు. నాయన మాట విని తాయెత్తులు తెంపుకున్నవాళ్ళు, పటాలు దించినవాళ్ళు అందరూ ఈ ఒక్క బజారులోనే ఉన్నారు. వాళ్ళలో కొందరు ఎర్రజెండా మనుషులు, కొందరు నోటా నొక్కేవాళ్ళు, కొందరు పైకి చెప్పకుండా కులాన్ని బట్టి వేసేవాళ్ళు. చెల్లాచెదురైన ఓట్లకు ఎవడు విలువిస్తాడు? మనం ఏ పార్టీకీ చెందమంటే ఏ పార్టీవాడూ మనకు చెందడు.

మొన్న గుళ్ళో మీటింగు పెట్టినారు. అందరి అరచేతిలో కర్పూరం వెలిగించి, ఓటు మనకేనని ఒట్టు పెట్టిస్తున్నారు. ఆడవాళ్ళ చేత కూడా. నా వంతొచ్చింది.

"నేను ఒట్టు పెట్టను మామా. నా సంగతి నీకు తెలుసు కదా. నా మాట చాలు" అన్నాను.

"ఒట్టు లేని మాట ముడి లేని మూట రా" అన్నాడు చెన్నకేశవులు మామ. అందరూ నా వైపే చూస్తున్నారు. అప్పుడు వాళ్ళ కొడుకు తరుణ్ లేచినాడు. నాతో పదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్న తరుణే.

"వాని పూచీ నాది నాయనా. వాడు మాట తప్పే మనిషి కాదు" అన్నాడు.

"నాకు వీని ఒక్క ఓటెందుకు? ఆ బజారు మొత్తం కావాల. వేయిస్తావా?" అన్నాడు మామ.

వేయిస్తానన్నాను. గెలిచిన నెలలోపు పైపులైను వేయిస్తానని ఆయన అన్నాడు. ఇప్పుడు నాయన ఒక్క మాట చెప్తే బజారంతా కదులుతుంది. ఆయన నీ మాట వింటాడు. ఒకసారి చెప్పి చూడు.

నీ తమ్ముడు,
నరేష్.

---

దర్శి,
ఏప్రిల్ 28.

నరేషూ,

నీ ఉత్తరం అందింది. పిల్లలకు సెలవులిచ్చారు గానీ మాకు ఎన్నికల శిక్షణ నడుస్తోంది. నన్ను కురిచేడు వైపు ఏదో బూతుకు వేస్తారట.

నిన్న శిక్షణలో మా హెడ్మాస్టరు గారు అందరి ముందూ అడిగారు. "రాధికమ్మా, ఒకాయనేమో యాగం చేసి నామినేషన్ వేశాడు. ఇంకొకాయన మోకాళ్ళ మీద కొండెక్కి వచ్చి వేశాడు. మరి మీలాంటి నాస్తికులు ఎవరికి వేస్తారమ్మా?" నేను నవ్వేసి కాగితాలు సర్దుకున్నాను. ఒక్కో ఎన్నికకు ఒక్కో కారణంతో వేశాను. ఒకసారి రోడ్డు కోసం, ఒకసారి ఎదుటివాడి మీద కోపంతో. దేవుడు లేడని తెలుసుకున్నంత తేలిగ్గా ఎవరికి వేయాలో తెలుసుకోవడం నాకెప్పుడూ కుదరలేదు.

నాయనతో మాట్లాడాను. ఆయన అన్న మాటలు ఆయన అన్నట్టే రాస్తున్నాను.

"వాడు పార్టీలో చేరినందుకు కాదమ్మా నా కోపం. చేరనీ. నేను మాత్రం ఎర్రజెండా పట్టుకొని తిరగలేదా? బజారు ఓట్లన్నీ నావేనని ఎట్ల చెప్పినాడు వాడు? వెనకటికి మోతుబరి తన పాలేర్ల ఓట్లు రాసిచ్చినట్టు రాసిచ్చి వచ్చినాడు. దేవుని పటం దించి ఆ మేకుకే లీడరు పటం తగిలిస్తే గోడకేమన్నా తేడా తెలుస్తాదా?"

నేను నీ వైపు కూడా మాట్లాడాను. కవిత బిందెలు మోసి మోసి నడుం పట్టుకుని కూర్చుంటోందని చెప్పాను. ఆయన "నీళ్ళు అడగమను. కొట్లాడి అడగమను. నేనూ వస్తా. ఓట్లు అమ్మి అడగొద్దను" అని ఫోన్ పెట్టేశాడు.

నా మాట ఒక్కటి విను. చెన్నకేశవులు మామ దగ్గరికి పోయి, నా ఓటుకే నేను జవాబుదారీ, మిగతావాళ్ళ సంగతి నాకు తెలియదని చెప్పు. ఇప్పుడైతే నవ్వులాటగా పోతుంది. వాళ్ళు ఓడిపోయాక ఆ మాట చెప్పే సందు నీకుండదు.

అక్క,
రాధిక.

---

రాళ్ళవాగుపల్లె,
మే 16.

అక్కా,

నువ్వు డ్యూటీ నుంచి క్షేమంగా ఇల్లు చేరినావని కవిత చెప్పింది. నాకు తలకు కుట్లు పడినాయి. కంగారు పడొద్దు, చేత్తోనే రాస్తున్నా కదా.

పోలింగుకు ముందురోజు నాయన ఏం చేసినాడో తెలుసా? బజారులో ప్రతి గడప ముందూ నిలబడి "మీ ఓటు మీది. నా కొడుకు ఏమన్నా చెప్పినా, నేను ఏమన్నా చెప్పినా ఇనొద్దు" అని అరిచి చెప్పినాడు. పాలు పొయ్యడానికొచ్చినవాళ్ళు, కంది బస్తాలకొచ్చినవాళ్ళు అందరూ విన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ తర్వాత నేను ఇంటింటికీ పోయి బతిమాలినాను. అందరూ సరేనన్నారు. నా ముఖం చూసి అన్నారో, మనసులో ఉండి అన్నారో నాకు తెలియదు.

బూతులో నేనే ఏజెంటును. పొద్దున అంతా సాఫీగానే నడిచింది. ఎండ ఎక్కినాక అవతలి పార్టీవాళ్ళు దొంగ ఓటు అని గొడవ పెట్టుకొని లోపలికి వచ్చినారు. బయట నుంచి రాళ్ళు పడినాయి. ఒకటి నా తలకు తగిలింది. కంట్లోకి రక్తం కారుతుంటే నాకేమైందో తెలియదు అక్కా. ప్లాస్టిక్ కుర్చీ కాలు పట్టుకొని ఎదురొచ్చినవాని మూతి మీద కొట్టినాను. పళ్ళు రాలి నేలమీద పడినాయి. వాడు రెండు చేతులతో నోరు మూసుకుంటే మళ్ళీ కొట్టినాను. తరుణ్ వెనక నుంచి నడుం పట్టుకొని గుంజకపోతే ఇంకా కొట్టేవాణ్ణే. సిగ్గుపడాల్సింది. పడలేదు.

సాయంత్రం నన్ను జీపు మీద నిలబెట్టి ఊరంతా తిప్పినారు. మన ఇంటి ముందు ఉమ్మేసి పోయినవాళ్ళు కూడా ఈలలు వేసినారు. "దేవుడు లేనోడే మనకు దేవుడై వచ్చినాడు" అన్నాడు చెన్నకేశవులు మామ. నాకు ఆ మాట నచ్చింది. నచ్చకూడదని నీకు రాసేటప్పుడు తెలుస్తాంది.

గెలిచినట్టే. లెక్కింపుకు నువ్వూ రా. సెలవులే కదా. నాయన నీ కోసం చూస్తున్నాడు.

నరేష్.

---

ఒంగోలు, ఆసుపత్రి,
జూన్ 9.

నరేషూ,

ఈ ఉత్తరం జైల్లో నీకు ఎప్పుడిస్తారో తెలియదు. నాయన ఇంకా కళ్ళు తెరవలేదు. పుర్రె పగిలిందని, లోపల వాపు ఉందని డాక్టర్లు చెప్పారు. కుడివైపు పక్కటెముకలు విరిగి ఒకటి ఊపిరితిత్తిలో గుచ్చుకుంది. కవిత, నేను వంతులవారీగా ఉంటున్నాం.

నువ్వు చూడనిది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

లెక్కింపు రోజు మధ్యాహ్నం నువ్వు అన్నం తిని వాగు పక్క చేలో కంప కొట్టడానికి పోయావు. ఆ తర్వాత మన బూతు లెక్క ఫోన్లలోకి వచ్చింది. మిగతా చోట్ల ఏమైనా కానీ, మన బూతులో అవతలి పార్టీకి మెజారిటీ వచ్చింది. కొద్ది తేడానే. గుడి దగ్గర కేకలు మొదలయ్యాయి. "ఒట్టు పెట్టుకున్నోళ్ళంతా మనకే వేసినారు. ఒట్టు పెట్టనోళ్ళు ఎవరు?" అని ఎవరో అన్నారు. ఆ మాట మన ఇంట్లోకి వినబడింది.

వాళ్ళు కర్రలు, గునపాలు పట్టుకుని వచ్చారు. ముందు విక్టర్ ఇంటి తలుపు పగలగొట్టారు. విక్టర్ దొరకలేదు, బండి దొరికింది. దాన్ని పడేసి నిప్పుపెట్టారు. వాళ్ళావిడ పుష్పమ్మ అడ్డం వస్తే జుట్టు పట్టుకుని బజారు పొడుగునా ఈడ్చారు. ఆమె చీర ఊడిపోతున్నా వదల్లేదు. ఎవరికేసినావో చెప్పు, చెప్పు అని ఒక్కో మాటకూ ఒక్కో దెబ్బ. ఆమె పాపం మీ పార్టీకే వేశానని ఏడుస్తోంది. ఎవరూ నమ్మలేదు.

నాయన బయటికి పోయాడు. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు.

"ఏందిరా, ఎవరికేసినామో అడగడానికి వచ్చినారా? నేను చెప్పను. నా పెళ్ళాం బతికుండంగా ఆమెకే చెప్పలేదు. మీకు చెప్తానా?" అన్నాడు.

చెన్నకేశవులు మామ తమ్ముడు కాశయ్య గునపం తిరగేసి తలమీద కొట్టాడు. నాయన పడలేదు. నిలబడి కాశయ్య వైపే చూశాడు. రెండో దెబ్బకు పడ్డాడు. పడ్డాక ముగ్గురు నలుగురు కాళ్ళతో తొక్కారు. ఎముకలు విరగడం నాకు వినబడింది.

ఆ తర్వాత నువ్వు వచ్చావు. ఆ తర్వాతిది నువ్వూ చూశావు, నేనూ చూశాను. ఉత్తరాలు లోపల చదివే ఇస్తామని జైలు గేటు దగ్గర చెప్పారు కనుక ఇక్కడ ఆపుతున్నాను. తరుణ్ గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాడు. చెయ్యి అతకలేదు.

నీకు చొక్కాలు, సబ్బు పంపాను.

రాధిక.

---

జిల్లా జైలు, ఒంగోలు,
జూన్ 19.

అక్కా,

చొక్కాలు అందినాయి.

నేను ఆ టైముకు అక్కడ లేను. వాగు పక్క చేలో ఉన్నాను. కేకలు విని వచ్చేసరికి అంతా అయిపోయింది. నాయనను ఎత్తుకున్నప్పుడు చొక్కాకు రక్తం అంటింది. లాయరుకు ఇదే చెప్పినాను. నిన్ను అడిగితే నువ్వు కూడా ఇదే చెప్పాల. కవితకు కూడా చెప్పు.

తరుణ్ నాకు దోస్తు. వాని చెయ్యి నేనెందుకు నరుకుతాను? కానీ వాడు కర్ర పట్టుకొని నాయనకు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడి ఉన్నాడు. పూచీ పడిన నోటితోనే మన నాయన మీదికి వచ్చినాడు. అట్లాంటివానికి ఏమయితే నాకేంది?

నాయన కళ్ళు తెరిస్తే నేను బాగున్నానని చెప్పు. మాట్లాడకపోయినా పర్వాలేదు, కవితతో కబురు పంపమను.

నరేష్.

---

రాళ్ళవాగుపల్లె,
జూలై 6.

నరేషూ,

నాయన పోయిన సంగతి సూపరింటెండెంటు నీకు చెప్పారని తెలిసింది. చివరి దాకా మాట రాలేదు. నిన్ను పంపమని లాయరు అడిగాడు, ఊళ్ళో గొడవలవుతాయని పోలీసులు కాదన్నారు. నువ్వు రాలేకపోయావు కాబట్టి జరిగింది రాస్తాను.

శరీరం మెడికల్ కాలేజీకి ఇవ్వాలని నాయన కోరిక కదా. హత్య కేసులో పోస్టుమార్టం చేసిన శరీరం కాబట్టి తీసుకోలేమని కాలేజీవాళ్ళు అన్నారు. పెద్దచేలో గట్టు దగ్గర పూడ్చాం. మంత్రాలు లేవు, పిండాలు లేవు. పుష్పమ్మ కర్ర పట్టుకుని నిలబడి, నాయన వల్ల తన కూతురి మెడలోంచి దయ్యం తాయెత్తు ఎట్ల ఊడిందో చెప్పింది. అదే మంత్రం.

పూడ్చేముందు అవతలి పార్టీవాళ్ళు కార్లలో వచ్చారు. మా ఓటరును చంపారని వాళ్ళ జెండా తెచ్చి నాయన మీద కప్పబోయారు. ఫొటోగ్రాఫరును కూడా తెచ్చుకున్నారు. కవిత ఆ జెండా లాగి మడిచి వాళ్ళ నాయకుడి చేతికిచ్చింది. "మా మామ ఎవరికేసినాడో మీకెవరు చెప్పినారు?" అని అడిగింది. వాళ్ళు వెళ్ళిపోయారు.

మర్నాడు చెన్నకేశవులు మామ వచ్చాడు. మనిషి సగమైపోయాడు. మన అరుగు మీద కూర్చుని మెల్లగా చెప్పాడు. నాయనను కొట్టింది అవతలి పార్టీవాళ్ళని నేను చెప్పాలట. అట్ల చెప్తే తరుణ్ చెయ్యి మేత కోసే మిషన్లో పడిందని వాళ్ళు చెప్తారట. అటు పరారీలో ఉన్న కాశయ్య, ఇటు నువ్వు, ఇద్దరూ ఇంటికి వస్తారట.

"అబద్ధం కదా మామా" అన్నాను.

"నీకేంది తల్లీ, దేవుడు లేడు కదా. మాకంటే పాపం తగులుతాది గానీ, అబద్ధమాడితే నీకు పోయేదేముంది?" అన్నాడు. వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

నేను మార్కాపురం పోయి మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చాను. దేవుడి మీద ప్రమాణం చేస్తావా అని అడిగారు. మనస్సాక్షి మీద చెప్తానన్నాను. చూసింది చూసినట్టు చెప్పాను. నీకు కూడా చెప్పాలి, ఎందుకంటే నువ్వు వెనక నుంచి వచ్చావు, ముందు జరిగింది నీకు తెలియదు.

తరుణ్ నాయనను కొట్టలేదు. నాయన పడిపోయి తొక్కుతుంటే పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒకడి చేతిలో కర్ర గుంజుకుని, నాయనకు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడి, సొంత బాబాయి మీదికే ఆ కర్ర ఎత్తాడు. "ఇంకొక్కడు ముట్టుకుంటే తల పగలగొడతా" అన్నాడు. వాళ్ళు వెనక్కి తగ్గారు. కాశయ్య సందులోకి పోయాడు. తరుణ్ నావైపు తిరిగి "వదినా, నీళ్ళు తే" అన్నాడు. నేను నీళ్ళకు కదిలాను. అప్పుడు నువ్వు కంప కొట్టే మచ్చుకత్తితో వచ్చావు. నేను నీ పేరు పెట్టి అరిచాను. నువ్వు వినలేదు. మొదటి వేటు భుజం మీద పడింది. వాడు తిరిగి ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. రెండో వేటుకు ఆ చెయ్యి మణికట్టు దగ్గర తెగి నాయన పక్కన పడింది. వేలి మీద ఓటు సిరా ఇంకా పోలేదు. మూడోసారి ఎత్తినప్పుడు నీకు ముఖం కనబడింది. కత్తి ఆపావు.

నువ్వు అక్కడ లేనంటే, వాడు ఎట్ల నిలబడ్డాడో నీ ఉత్తరంలో ఎట్ల రాశావు?

ఇదంతా చెప్పాను. కాశయ్యనూ, తొక్కిన వాళ్ళనూ పేర్లతో చెప్పాను. వాళ్ళను అరెస్టు చేశారు. నీ పేరు కూడా చెప్పాను. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడానికి నాకు నోరు రాలేదు.

అక్క.

---

జిల్లా జైలు, ఒంగోలు,
జూలై 21.

రాధిక గారికి,

మీ ఉత్తరం చదివినాను. లాయరు వచ్చినాడు. ఆసుపత్రిలో తరుణ్ దగ్గర పోలీసులు వాంగ్మూలం తీసుకున్నారట. ఎవరో వెనక నుంచి వచ్చినారు, నేను చూడలేదని చెప్పినాడట. చెయ్యి పోయినవాడే నా పేరు చెప్పలేదు. ఒక్క కడుపున పుట్టిన మీరు చెప్పినారు.

నాయన తల పగిలి పడి ఉంటే ఎవడు ఎందుకు నిలబడినాడో తూకం వేసి చూడాల్నా నేను? మీరు బడిలో పిల్లలకు నీతులు చెప్పుకోండి. సత్యం అనే కొత్త దేవుణ్ణి పెట్టుకొని తమ్ముణ్ణి బలి ఇచ్చినారు. పొట్టేలును కొట్టేవాడన్నా నయం, తర్వాత నలుగురికీ కూర పెడతాడు.

ఇక రాయొద్దు. సబ్బులూ పంపొద్దు.

నరేష్.

---

దర్శి,
నవంబరు 24.

నరేషూ,

నువ్వు రాయొద్దన్నాక కవిత ద్వారానే నీ మంచి చెడ్డలు తెలుసుకుంటున్నాను. ఈ ఒక్క ఉత్తరం మాత్రం రాయక తప్పదు. చదివి చించెయ్.

మొన్న ఆదివారం తరుణ్ వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. వెంకటసుబ్బులమ్మత్త. కురిచేడులో పుట్టింట్లో ఉంటోందట. అక్కడి నుంచి బస్సెక్కి అడ్రసు అడుక్కుంటూ వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేలమీద గోడకు ఆనుకుని కూర్చుంది. మంచినీళ్ళ గ్లాసు అందుకున్నప్పుడు చూశాను, కుడి అరచేతి నిండా కాలిన మచ్చ, చర్మం ముడుచుకుపోయి ఉంది.

"ఏందత్తా ఇది?"

"మీ మామ పెట్టినాడు. కర్పూరం."

చెప్పింది. ఆ రోజు గుళ్ళో ఆమె కూడా కర్పూరం పట్టుకుని ఒట్టు పెట్టిందట. బూతులో మాత్రం అవతలి గుర్తు నొక్కిందట.

"ఎందుకత్తా?"

"మీ బజారులో పాలు పోస్తాంటే మీ నాయన అరుస్తున్నాడు, మీ ఓటు మీదని. అంత వయసొచ్చింది గానీ నాకా మాట ఎవురూ చెప్పలేదమ్మా. మా నాయన చెప్పిన గుర్తుకేసినా, మీ మామ చెప్పిన గుర్తుకేసినా. ఒక్కతూరి నాకు నచ్చినోనికి వేద్దామనిపించినాది. నేనొక్కదాన్నే కూడా కాదులే. కర్పూరం పట్టుకున్న ఆడోళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు చెప్పరు."

తరుణ్ ఇంటికి వచ్చాక ఆ మొండిచెయ్యి చూస్తూ ఉండలేక మొగుడికి చెప్పేసిందట. ఆయన లోపలికి పోయి కర్పూరం బిళ్ళలన్నీ తెచ్చి, ఆమె చెయ్యి మోకాలి కింద తొక్కిపెట్టి, అరచేతిలో పోసి అంటించాడట. ఆరిపోయేదాకా వదల్లేదట. తరుణ్ ఒంటిచేత్తో లాగబోతే వాణ్ణి తన్నాడట.

ఇదంతా చెబుతూ ఆమె ఏడవలేదు. గడప తగిలి కాలికైన దెబ్బ గురించి చెప్పినట్టు చెప్పింది. తర్వాత నన్ను అడగడానికి వచ్చిన మాట అడిగింది.

"నువ్వు చదువుకున్నదానివి. దేవుడు లేడంటావు. నువ్వే చెప్పు. ఒట్టు తప్పింది నేను. పోలేరమ్మకు కోపమొస్తే నా చెయ్యి తియ్యాల గానీ నా కొడుకు చెయ్యి ఎందుకు తీసినాది? నేను అడగని రోజు లేదు. అమ్మ పలకదు."

నరేషూ, ఆ నిమిషంలో ఏదైనా మెత్తటి మాట చెప్పి పంపొచ్చు. నాకు తోచింది ఒక్కటే.

"అమ్మవారు తియ్యలేదత్తా. నువ్వు వేసిన ఓటు వల్ల పోలేదు. మా తమ్ముడు నరికినాడు" అన్నాను.

ఆమె లేచింది. నా ముఖంలోకి చూసింది. చెంప మీద కొట్టింది. కాలిన చేత్తోనే కొట్టింది, ఆమెకే ఎక్కువ నొప్పి పుట్టి ఉంటుంది. ఇంకోటి కొట్టింది. జుట్టు పట్టుకుని గోడకు నెట్టి "నా బిడ్డ మీ నాయనకు అడ్డం నిలబడినాడే, మీ నాయనకు అడ్డం నిలబడినాడే" అని గుక్క తిప్పుకోకుండా ఏడ్చింది. నేను చేతులు అడ్డం పెట్టలేదు. నా పెదవి చిట్లింది. ఆమె అలిసిపోయేదాకా అట్లనే నిలబడ్డాను. ఇన్ని నెలలుగా ఆమెకు కోప్పడడానికి తను తప్ప ఎవరూ దొరకలేదు.

తర్వాత అన్నం పెడితే తిన్నది. బస్సు ఎక్కిస్తుంటే "వాడు ఒప్పుకున్నాడా?" అని అడిగింది. నీ గురించే. లేదని చెప్పాను.

ఇవన్నీ ఉత్తరంలో రాయొచ్చా అని ఆమెనే అడిగాను. "రాయి. ఊరందరికీ తెలిసినాక ఇంకేం దాపరికం" అంది.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు నన్ను అక్క అనకపోయినా నేను ఆ సంబంధం మానలేదు.

రాధిక.

---

జిల్లా జైలు, ఒంగోలు,
డిసెంబరు 8.

అక్కా,

నీ ఉత్తరం చించలేదు.

తరుణ్ ఒకసారి ములాఖత్‌కు వచ్చినాడు, నేను పోలేదు. కడుపునొప్పి అని చెప్పి పంపించినాను. వాడు నన్ను క్షమించడానికి వచ్చినాడేమోనని భయమేసింది. వాడు తిడితే తట్టుకోగలను గానీ, అది తట్టుకోలేను.

నిన్న లాయరు వచ్చినాడు. నేను చేలో ఉన్నాననే మాట ఇక చెప్పొద్దన్నాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. తరుణ్ నీ పేరు చెప్పలేదు, మీ అక్క ఒక్కతే సాక్షి, ఆమె నీ మీద కోపంతో చెప్పిందని నిలబెడతా, బయటపడతావు అన్నాడు. మా అక్క అబద్ధమాడిందని మీరు కోర్టులో అంటే నేను లేచి కాదంటాను అన్నాను. ఎన్నేళ్ళు పడుతుందో తెలుసా అన్నాడు. చెప్పినాడు కూడా. కవితకు ఆ సంగతి నేనే చెప్తాను, నువ్వు చెప్పొద్దు.

ఈ ఉత్తరం లోపల చదువుతారు. చదవనీ.

కింద రాసింది నువ్వు కురిచేడు పోయి వెంకటసుబ్బులమ్మత్తకు చదివి వినిపించు.

అత్తా, తరుణ్ చెయ్యి నరికింది నేను. నాయన నేలమీద ఉన్నాడు, వాడు కర్ర పట్టుకొని ఉన్నాడు, అంతవరకే చూసినాను. వాడు ఎవరి వైపు తిరిగి ఉన్నాడో చూడలేదు. తప్పు మా బజారుది కాదు, నీ ఓటుది కాదు, మీ అమ్మవారిది కాదు. కత్తి నాది, ఎత్తింది నేను, రెండోసారి ఎత్తింది కూడా నేనే.

సంక్రాంతి పోయినాక వాయిదాకు నన్ను మార్కాపురం కోర్టుకు తెస్తారు. పిలిచేదాకా వరండాలో బల్ల మీద కూర్చోబెడతారు. అక్కడ మన మధ్య కమ్మీలుండవు. పక్కన పోలీసులుంటారు గానీ ఆడమనిషిని అంత తొందరగా ఆపరు. రావాలనిపిస్తే రా అత్తా. మా అక్కను కొట్టినట్టు నన్ను కూడా కొట్టు. నేను తల పక్కకు తిప్పను.

నరేష్.